పదిహేడేళ్ళ వ్యాగన్ ఆర్‌కి కొత్త క్లచ్: ఆటోనగర్‌లో రెండు రోజులు, 9,350 రూపాయలు

ముందే చెప్పేస్తున్నా, నేను మెకానిక్‌ని కాదు, బండ్ల మీద పెద్ద పాండిత్యమూ లేదు. ఒకే బండికి మూడేళ్ళ తేడాలో రెండుసార్లు క్లచ్ వేయించిన అనుభవం మాత్రం ఉంది. మొదటిసారి డబ్బు తగలేశాను, రెండోసారి కాస్త కళ్ళు తెరిచి చేయించాను. రెండింటికీ తేడా ఎక్కడొచ్చిందో రాస్తే పాత బండి పెట్టుకుని కుస్తీ పడుతున్నవాళ్ళు ఎవరికైనా పనికొస్తుందని.

బండి 2008 వ్యాగన్ ఆర్ ఎల్ఎక్స్ఐ, పెట్రోలు. నాన్న కొన్నారు. 2023లో పదిహేనేళ్ళు నిండితే ఐదు వేల ఫీజు, దాని మీద గ్రీన్ ట్యాక్సూ కట్టి ఆర్సీ రెన్యువల్ చేయించాం, కాబట్టి 2028 దాకా రోడ్డు మీద తిరగొచ్చు. ఇప్పుడు అమ్మితే వచ్చేది ఎంత అని అడక్కండి, కొత్త ఫోన్ల రేట్లు చూశాక ఆ అంకె చెప్పడానికి సిగ్గేస్తుంది. కానీ ఏసీ పనిచేస్తుంది, ఇంజను గట్టిగా ఉంది, నిటారుగా కూర్చునే సీట్లు కాబట్టి అమ్మకి మోకాళ్ళ నొప్పితో ఎక్కడం దిగడం తేలిక. ఇంకో రెండున్నరేళ్ళు నడిపే ఉద్దేశం ఉన్నప్పుడు క్లచ్‌కి తొమ్మిది వేలు పెట్టడం దండగ కాదని నా లెక్క. మా ఆవిడ లెక్క వేరు, అది ఇక్కడ వద్దు.

సంగతి బయటపడింది 2025 కార్తీకంలో, కోటప్పకొండ ఘాట్ రోడ్డు మీద. ఐదుగురం, డిక్కీలో పులిహోర గిన్నెలు, నీళ్ళ క్యాన్లు. రెండో మలుపు దాటాక యాక్సిలరేటర్ నొక్కుతుంటే ఇంజను అరుస్తోంది గానీ బండి మాత్రం ఎద్దుబండిలా పోతోంది. మా మోడల్‌కి టాకోమీటర్ లేదు, ఆర్‌పీఎం ఎంత లేచిందో చూసుకునే వీల్లేదు, అంతా చెవితోనే. కాసేపటికి వాసన మొదలైంది. క్లచ్ కాలిన వాసన ఒక్కసారి పీలిస్తే జన్మలో మర్చిపోరు, గోళ్ళు కాల్చినట్టు, ఘాటుగా, గొంతులో పట్టేస్తుంది. వెనక సీట్లోంచి అమ్మ "ఎవరో టైర్లు తగలబెడుతున్నట్టున్నార్రా" అంది. తగలబడుతున్నది మనదే అని చెప్పలేదు. పక్కకి ఆపి, పావుగంట చల్లారనిచ్చి, మొదటి గేరులోనే నెమ్మదిగా పైకి చేర్చాను. స్వామి దర్శనం బాగానే అయింది, నా మనసు మాత్రం పార్కింగులోనే ఉంది.

ఇంటికొచ్చాక (మాది తాడేపల్లి) పరీక్ష ఒకటి చేశాను, ఇది ఎవరైనా చేసుకోవచ్చు. ఎదురుగా ఏమీ లేని చోట, చదునుగా ఉన్నచోట హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి, బ్రేక్ మీద కాలు పెట్టి, బండి స్టార్ట్ చేసి నాలుగో గేరు వేసి క్లచ్ మెల్లగా వదలాలి. క్లచ్ బాగుంటే ఇంజను వెంటనే టక్కున ఆగిపోతుంది. మాది ఆగలేదు, తాపీగా గుర్రుమంటూ నడుస్తూనే ఉంది. అంటే ఇంజను శక్తిని గేర్ బాక్స్‌కి అందించే క్లచ్ ప్లేటు పట్టడం లేదు, జారుతోంది. దీన్ని పదేపదే చేయకండి, చేసిన ప్రతిసారీ ప్లేటు మీద మిగిలిన కాస్త లైనింగూ (రాపిడితో పట్టుకునే పొర) కాలిపోతుంది.

ఇంకో రెండు గుర్తులు కూడా చెప్తాను, ఎందుకంటే చాలామంది శబ్దం రాగానే "క్లచ్ పోయింది" అని మొత్తం మార్పించేస్తారు. న్యూట్రల్‌లో ఇంజను నడుస్తున్నప్పుడు క్లచ్ పెడల్ నొక్కితే కీచుమని శబ్దం వచ్చి, వదిలితే పోతోందంటే అనుమానం రిలీజ్ బేరింగ్ మీద, అంటే పెడల్ నొక్కినప్పుడు క్లచ్‌ని విడిపించే బేరింగు. అదే వదిలినప్పుడు గరగరమంటూ, నొక్కితే ఆగిపోతోందంటే అది గేర్ బాక్స్ లోపలి ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్, దానికి క్లచ్ సెట్ మారిస్తే ఒరిగేదేమీ లేదు. పెడల్ రాయిలా గట్టిపడితే ముందు కేబుల్ చూడాలి, మన దగ్గర అందరూ క్లచ్ వైరు అంటారే అది. లోపల తుప్పు పట్టి బిగుసుకుపోయినా పెడల్ అలాగే ఉంటుంది. నాలుగైదు వందలతో తేలిపోయే రోగానికి ఎవరూ గేర్ బాక్స్ దించక్కర్లేదు.

ఇప్పుడు పాత కథ. ఈ బండి మొదటి క్లచ్ 82 వేల కిలోమీటర్లు వచ్చింది. నాన్న ఎక్కువగా తెనాలి, గుంటూరు రోడ్ల మీద తిప్పేవారు, అయినా ఎడమ కాలు క్లచ్ మీద ఆనించి నడిపే అలవాటు ఆయనకి ఎప్పుడూ పోలేదు, లేకపోతే ఇంకా వచ్చేది. 2022లో అది అరిగితే ఇంటికి దగ్గరని ఒక షెడ్డులో ఇచ్చాను (పేరు అనవసరం). ఆయన "ప్రెషర్ ప్లేటు బ్రహ్మాండంగా ఉంది సార్, దాన్ని ఎందుకు మార్చడం, క్లచ్ ప్లేటు ఒక్కటి వేస్తే చాలు, మీకు రెండు వేలు మిగులుద్ది" అన్నాడు (ప్రెషర్ ప్లేటంటే క్లచ్ ప్లేటుని నొక్కిపట్టి ఉంచేది). మిగులుద్ది అంటే ఎవరికి చేదు? అలాగే చేయించాను. పదిహేను వేల కిలోమీటర్లకే కోటప్పకొండ మీద తేలాను.

ఎందుకలా అయిందో ఈసారి గేర్ బాక్స్ దించాక కళ్ళారా చూశాను, దాని గురించి కింద రాస్తాను.

ముందు సెట్ ఎంపిక. పాత వ్యాగన్ ఆర్ ఉన్నవాళ్ళు పప్పులో కాలేసేది ఇక్కడే. 2010లో వ్యాగన్ ఆర్ మారింది, కె సిరీస్ ఇంజను వచ్చింది, అది 998 సీసీ, మూడు సిలిండర్లు. అంతకు ముందువి మా దానిలాగా 1061 సీసీ, నాలుగు సిలిండర్లు. పేరు ఒకటే, లోపల ఇంజను పూర్తిగా వేరు. ఆన్‌లైన్లో చూస్తే "వ్యాగన్ ఆర్ పెట్రోల్ క్లచ్ సెట్" అని ఫొటో పెట్టి ఏ సంవత్సరానికో కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో రాస్తున్నారు. నేను కార్టులో వేసుకున్నది కూడా కొత్త ఇంజనుదే, డబ్బు కట్టే ముందు ఎందుకో అనుమానమొచ్చి ఇంజను సీసీ సరిచూసుకున్నాను కాబట్టి బతికిపోయాను. అందుకే పాత బండికి నా సలహా ఏంటంటే, షాపుకి ఆర్సీ కాపీ పట్టుకుని వెళ్ళి ఛాసిస్ నెంబరుతో అడగండి, ఇంకా మంచిది గేర్ బాక్స్ దించాక పాత ప్లేటు చేతిలో పట్టుకుని వెళ్ళడం. పాతదాని మీద కొత్తది పెట్టి చుట్టుకొలత చూసుకోవాలి, మధ్యలో ఉండే పళ్ళు లెక్క పెట్టుకోవాలి. ఆటోనగర్‌లో ఉన్న సుఖం అదే, షెడ్డు నుంచి స్పేర్ పార్ట్స్ షాపు నడిచే దూరం.

బ్రాండ్ల సంగతి. కౌంటర్ మీద మా బండికి ఆ రోజు దొరికినవి మూడు: మారుతి జెన్యూన్, వాలియో, లుక్. ఎక్సెడీ అడిగితే మా మోడల్‌కి స్టాకు లేదన్నారు. ఎక్సెడీ జపాన్ కంపెనీ, వాలియో ఫ్రాన్స్ వాళ్ళది, లుక్ జర్మనీ షాఫ్లర్ వాళ్ళది, అన్నీ కార్ల కంపెనీలకే నేరుగా క్లచ్‌లు సప్లై చేసే పెద్ద సంస్థలు. ఏది వేసినా సరిగ్గా బిగిస్తే తేడా తెలిసేంత నైపుణ్యం నాకైతే లేదు, ఉందని చెప్పేవాళ్ళని కూడా నేను పెద్దగా నమ్మను. నేను వాలియో తీసుకున్నాను. కారణం రెండే, ఒకటి మూడు ముక్కల సెట్టుగా, అంటే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కలిపి ఒకే పెట్టెలో వచ్చింది. రెండోది జెన్యూన్ కంటే దాదాపు వెయ్యి తక్కువకి దొరికింది. 3,350 పడింది.

రేటు దగ్గర చిన్న మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు స్పేర్ పార్టుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పెట్టె మీద మాత్రం పాత ఎంఆర్పీయే ఉంటే, షాపు ఆయన దాన్నే చదివి "ఇందులో పది శాతం డిస్కౌంటు సార్, మీకు కాబట్టి" అన్నాడు. అది డిస్కౌంటు కాదు బాబూ, అందులో ఎక్కువ భాగం పన్ను తగ్గింపే అని నవ్వుతూనే చెప్తే ఆయనా నవ్వి ఇంకో రెండొందలు తగ్గించాడు. బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు వద్దంటే ఇంకా తగ్గిస్తామంటారు గానీ, నకిలీ తేలినా, వారంలో పోయినా మాట్లాడటానికి చేతిలో కాగితం ఉండాలి కదా. జెన్యూన్ కొనేవాళ్ళు హోలోగ్రామ్, పార్ట్ నెంబరు, పెట్టె మీదా లోపల కవరు మీదా ఒకటే ఉన్నాయో లేదో చూసుకోండి.

"రీఫేసింగ్" అని ఇంకోటి చెప్తారు. పాత ప్లేటుకి అరిగిన లైనింగ్ పీకేసి కొత్త లైనింగ్ రివెట్లతో కొట్టి ఇవ్వడం. కొత్తదానిలో సగం కూడా పడదు. లారీలకి, ట్రాక్టర్లకి ఇది మామూలే, తప్పనను. కానీ కారు ప్లేటు మధ్యలో కుదుపు తట్టుకోవడానికి స్ప్రింగులు ఉంటాయి, లైనింగు కొత్తదైనా ఆ స్ప్రింగులు, ఆ పళ్ళు పాతవే కదా. గేర్ బాక్స్ దించడానికే మూడు వేలు అవుతున్నప్పుడు ప్లేటు దగ్గర వెయ్యి మిగుల్చుకోవడం నాకు నచ్చలేదు.

ఇక షెడ్డు. ముందుగా ఒక ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో ఎస్టిమేట్ అడిగితే 13 వేలు దాటింది, వారంటీ ఇస్తారు, కాఫీ ఇస్తారు, బండి దగ్గరకి మాత్రం రానివ్వరు. నాకు ఈసారి లోపల ఏముందో చూడాలని పట్టుదల. అందుకని విజయవాడ ఆటోనగర్‌లో, హండ్రెడ్ ఫీట్ రోడ్డుకి లోపలి సందులో, మా కొలీగ్ చెప్పిన షెడ్డుకి తీసుకెళ్ళాను. బోర్డు కూడా సరిగ్గా లేదు, రంగు పోయిన రేకు మీద "ఆల్ పెట్రోల్ కార్స్" అన్నది మాత్రం చదవగలం. యాభై దాటిన మేస్త్రి, ఇద్దరు కుర్రాళ్ళు. వారధి మీద, ఆ తర్వాత బెంజ్ సర్కిల్ దగ్గర ఆగి ఆగి వెళ్ళేసరికి క్లచ్ చివరి శ్వాస మీద ఉంది. షెడ్డు ముందున్న చిన్న ర్యాంపు కూడా ఎక్కలేకపోయింది, కుర్రాళ్ళు వెనకనుంచి తోశారు. మేస్త్రి ఇక ట్రయల్ కూడా చూడలేదు, "ఇంకేం చూడాల్సార్, వాసనే చెప్తంది" అన్నాడు.

నేను అడిగిన మొదటి ప్రశ్న "ఏమేం మారుస్తారు?" అని. అతను చెప్పిన జవాబు వల్లే అక్కడ బండి పెట్టాను. "గేర్ బాక్స్ దించేది ఒక్కసారే సార్. దించినాక అక్కడ ఉండే సీళ్ళు, బేరింగులు అన్నీ చూస్తా. మార్చాల్సింది మారుస్తా, బాగున్నది మీకు చూపించి పెడతా. మళ్ళీ దాని కోసం దించితే మీ దగ్గర కూలి అడగలేను కదా."

బండి పొద్దున పదింటికి పైకి లేపారు. బ్యాటరీ, దాని ట్రే, ఎయిర్ ఫిల్టరు పెట్టె, స్టార్టర్ మోటరు తీశారు. గేరు ఆయిల్ డబ్బాలోకి వదిలారు, నల్లగా కాఫీ డికాషన్లా వచ్చింది, డ్రెయిన్ బోల్టు కొన మీద ఉన్న అయస్కాంతానికి సన్నటి ఇనప రజను ముద్దలా పట్టి ఉంది. ఈ మాత్రం రజను మామూలేనట, ముక్కలు కనపడితేనే భయపడాలట. తర్వాత రెండు వైపులా యాక్సిళ్ళు లాగేశారు, ఇంజను కింద చెక్కముక్క అడ్డం పెట్టి జాకీ ఆనించారు, మౌంటింగు బోల్టులు విప్పారు. గేర్ బాక్స్‌ని కుర్రాడు ఒకడు కింద పడుకుని ఛాతీ మీదకే దించుకున్నాడు! పక్క షెడ్డులో గేర్ బాక్స్ జాకీ ఉంది, తెచ్చుకోవచ్చు కదా అంటే నవ్వుతాడు. ఈ విషయంలో మాత్రం ఆ షెడ్డుకి నా దగ్గర మార్కులు లేవు, ఎంత అలవాటైనా అది మనిషి ఛాతీ. అలాగే లోపలి దుమ్మునంతా గాలి గొట్టంతో ఊదేశారు, క్లచ్ లైనింగు దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, పాతవాటిలో ఆస్‌బెస్టాస్ కూడా ఉండేది. నేను దూరంగా జరిగి, ఒక కుర్రాడికి నా జేబులో ఉన్న మాస్కు ఇస్తే "ఏం కాదన్నా" అని పక్కన పెట్టేశాడు.

గేర్ బాక్స్ కిందికొచ్చాక మేస్త్రి నన్ను పిలిచి టార్చి వేసి చూపించాడు. ఇక్కడ తెలిసింది 2022లో నా డబ్బు ఎటు పోయిందో. మొదటిది, పాత ప్రెషర్ ప్లేటు. దాని మధ్యలో గుండ్రంగా వేళ్ళలా ఉండే స్ప్రింగు ఆకులుంటాయి, రిలీజ్ బేరింగు వచ్చి నొక్కేది వాటినే. అవన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. మాకున్నదాంట్లో రెండు మూడు ఆకులు కిందికి దిగిపోయి ఉన్నాయి, కొసలు బేరింగు రాపిడికి గాడి పడి మెరుస్తున్నాయి. ప్లేటుని బిగించి పట్టుకోవాల్సిన స్ప్రింగే సత్తువ పోగొట్టుకుంటే కొత్త ప్లేటు వేసి ఏం లాభం, కొత్త పెళ్ళికొడుకుని పాత గుర్రం మీద ఎక్కించినట్టు.

రెండోది ఇంకా ఘోరం. ప్లేటు ఒక వైపు నూనె మరక, చెయ్యి పెడితే జిడ్డు. ఎక్కడిదంటే, ఇంజను వెనక ఫ్లైవీల్ (ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రం, క్లచ్ ప్లేటు ఆనేది దీనికే) దగ్గర ఇంజను ఆయిల్ బయటికి రాకుండా ఆపే క్రాంక్ ఆయిల్ సీలు ఉంటుంది, అది కారుతోంది. చాలా కొద్దిగా, కింద నేల మీద చుక్క కూడా పడనంత, ఫ్లైవీల్ చుట్టూ విసరబడి ప్లేటు అంచుకి చేరేంత. 2022లో ఇదే చోటు విప్పారు కదా, ఆ సీలు రెండొందల అరవై రూపాయలు. అప్పుడే అది మార్చి ఉంటే ఈరోజు ఈ పని లేదేమో. కాదు, ప్రెషర్ ప్లేటు ఎలాగూ ఉందిగా, ఈ పని ఎప్పుడో ఒకప్పుడు తప్పేది కాదు.

మూడోది ఫ్లైవీల్. దాని మీద వేడికి అక్కడక్కడ నీలం మచ్చలు, వేలితో తడిమితే తెలిసే చార. లైనింగు అరిగి రివెట్ల తలలు బయటికొచ్చాక అవి ఇనుము మీద గీసిన గీత అది. "ఇట్టానే బిగిస్తే బండి కదిలేటప్పుడు వణుకుద్ది సార్, కొత్త ప్లేటు కూడా తొందరగా తినేస్తది" అని లేతుకి పంపాడు. రెండు సందుల అవతల లేతు పని, 600 రూపాయలు, సాయంత్రానికి వచ్చింది. తేడా రాకుండా అవసరమైనంతే గీయాలి, ఎక్కువ గీస్తే పలచబడుతుంది. పగుళ్ళు కనిపిస్తే గీయడం మానేసి మార్చడమే. ఇంకో మాట, ఇప్పటి డీజిల్ బండ్లు కొన్నింటికి డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అని రెండు భాగాలుగా ఉంటుంది, దాన్ని మా దానిలా లేతు మీద పెట్టిస్తామంటే ఒప్పుకోకండి. అది పాడైతే కొత్తదే వేసుకోవాలి, ఖర్చు వేరే లెవెల్.

లేతు ఆలస్యంతో మొదటి రోజు పని అయిపోలేదు. "సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్న మాట ఆటోనగర్‌లో ఎవరైనా చెప్తే రేపు మధ్యాహ్నం అని రాసుకోండి. నేను బస్సులో ఇంటికెళ్ళి రెండో రోజు మళ్ళీ వచ్చాను.

బిగింపు దగ్గరుండి చూశాను. ఇక్కడ చెప్పుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, మీ బండికి చేయిస్తున్నప్పుడు పక్కన నిలబడితే చూసుకోవచ్చు. కొత్త ప్రెషర్ ప్లేటు తుప్పు పట్టకుండా నూనె పూసి వస్తుంది, దాన్ని పెట్రోలు గుడ్డతో శుభ్రంగా తుడిచాకే బిగించాలి. ప్లేటు లైనింగు మీద జిడ్డు చేతులు పడకూడదు, మేస్త్రి చేతులు కడుక్కుని పేపరుతో పట్టుకున్నాడు, అది చూసి నాకు సగం టెన్షన్ పోయింది. ప్లేటుకి ఏ ముఖం ఎటువైపు అన్నది ముఖ్యం, స్ప్రింగులు ఉబ్బుగా ఉన్న వైపు గేర్ బాక్స్ వైపుకి రావాలి, తిరగేస్తే అంతా బిగించాక క్లచ్ విడవదు, గేరు పడదు, మళ్ళీ మొదటికి. గేర్ బాక్స్ షాఫ్ట్ పళ్ళకి గ్రీజు రాయాలి గానీ గోరంతే. ఇష్టమొచ్చినట్టు పూస్తే తిరిగేటప్పుడు అది ఎగిరి లైనింగు మీదే పడుతుంది.

తర్వాత నడిమధ్యకి తేవడం. ప్లేటు సరిగ్గా మధ్యలో లేకపోతే గేర్ బాక్స్ షాఫ్టు లోపలికి దూరదు. దానికి డమ్మీ షాఫ్టు అని ఉంటుంది, ఇక్కడ అది ఏదో పాత గేర్ బాక్స్ నుంచి కోసిన షాఫ్టు ముక్క, పిడికి గుడ్డ చుట్టి ఉంది, ఏళ్ళుగా వాడి వెండిలా నునుపు తేలింది. దాన్ని దూర్చి పెట్టి ప్రెషర్ ప్లేటు బోల్టులు బిగించాడు. ఒకటి బిగించి పక్కది కాదు, ఎదురెదురుగా, ప్రతిదీ కాస్త కాస్త, మూడు రౌండ్లు. డమ్మీ లాగితే ఎక్కడా పట్టేయకుండా సుతారంగా వచ్చేసింది, అప్పుడు ఆయన ముఖంలో చిన్న నవ్వు. టార్క్ రెంచ్ వాడలేదు, అడిగితే "ముప్పై ఏళ్ళ చెయ్యి సార్" అన్నాడు. నాకైతే రెంచే ఉంటే బాగుండేది.

ఫ్లైవీల్ మధ్యలో గేర్ బాక్స్ షాఫ్టు కొస కూర్చునే చిన్న బేరింగు ఒకటి ఉంది, వేలితో తిప్పితే గరగరలాడింది, 150 రూపాయలు, మార్చాం. క్రాంక్ సీలు మార్చాం, 260. యాక్సిల్ సీళ్ళు రెండూ ఎలాగూ యాక్సిళ్ళు లాగారు కాబట్టి మార్చాం, 240. మౌంటింగు రబ్బరు చీలి ఉంది, 480. క్లచ్ వైరు కొత్తది 420, పాతది పనిచేస్తోంది గానీ పదిహేడేళ్ళది. రిలీజ్ బేరింగుని నడిపే ఫోర్క్ బాగుంది, చూపించి గ్రీజు పెట్టి వదిలేశాడు. కొత్త గేరు ఆయిల్ 1,050, లెవెల్ బోల్టు తీసిపెట్టి ఆ రంధ్రంలోంచి కారడం మొదలయ్యేదాకా పోశారు. కూలి 2,800. అన్నీ కలిపి 9,350.

బ్రాండు గురించి నేను రెండు రాత్రులు యూట్యూబ్ చూసి బుర్ర పాడుచేసుకున్నాను. తీరా చూస్తే బండి ప్రాణం ఉన్నది 260 రూపాయల సీలు దగ్గర, దాన్ని చూడాలనుకున్న మనిషి దగ్గర. 2022లో వేసిన ప్లేటు కూడా మంచి కంపెనీదే, పెట్టె నా దగ్గర ఇప్పటికీ ఉంది. దానికి పేరు పెట్టడానికి లేదు.

ఇప్పుడు నడక ఎలా ఉందంటే, మొదట నాకు పెడల్ ఎంత తేలికైందో నమ్మబుద్ధి కాలేదు. మూడేళ్ళుగా కాలు నెమ్మదిగా అలవాటు పడిపోయిందన్నమాట, ఎంత బరువు నొక్కుతున్నానో తెలియలేదు. పెడల్ కొద్దిగా వదలగానే బండి పట్టేస్తోంది, మొదటి రెండు రోజులు వారధి మీద రెండుసార్లు ఆఫ్ చేసుకుని వెనక ఆటోవాళ్ళ చేత తిట్లు తిన్నాను. పెడల్ పైభాగంలో వేలి వెడల్పు ఖాళీ ఆట ఉండాలని, అది పోతే ఎప్పుడూ సగం నొక్కినట్టే అయి కొత్తదీ కాలుతుందని మేస్త్రి చెప్పాడు. ఐదొందల కిలోమీటర్లు అయ్యాక వస్తే వైరు సరిచేస్తానన్నాడు. ఆ ఐదొందలు ఘాట్‌లు, ఎక్కువ లోడు, సిగ్నల్ దగ్గర హాఫ్ క్లచ్ మీద, అంటే పెడల్ సగం నొక్కి, నిలబెట్టడం వద్దన్నాడు. చివరిది నాన్నకి చెప్పాను. విన్నారు. పాటిస్తారని కాదు.

ఫిర్యాదులు ఉన్నాయి. ఒక రోజు ఆలస్యం. సీటు కవరు మీద గ్రీజు చెయ్యి గుర్తు, ఐదు వేళ్ళూ స్పష్టంగా, ఇంకా పోలేదు. పార్టులకి బిల్లు వచ్చింది గానీ షెడ్డు కూలికి చిరిగిన పేపరు మీద లెక్క, అదీ అడిగితే. వారంటీ అన్న మాట లేదు, "ఏమన్నా ఉంటే తీసుకురండి" అంతే. కాగితం కావాలనుకునేవాళ్ళు, పక్కన నిలబడే ఓపిక లేనివాళ్ళు సర్వీస్ సెంటర్‌కే వెళ్ళడం మంచిది, ఆ నాలుగు వేల తేడా దానికే కడుతున్నామనుకోవాలి.

అన్నట్టు ఇంకోటి, ఇంటికొచ్చి రాత్రి గేటు లోపలికి వెనక్కి పెడుతుంటే రివర్స్ లైటు వెలగలేదు. గేర్ బాక్స్ మీద ఉండే స్విచ్చి వైరు తగిలించడం మర్చిపోయారు. ఐదొందల కిలోమీటర్లకి వైరు సరిచేయించుకోవడానికి మొన్న వెళ్ళినప్పుడు చెప్తే, మేస్త్రి కుర్రాడి నెత్తి మీద ఒక్కటిచ్చి తనే బానెట్ ఎత్తి తగిలించాడు. రెండూ కలిపి పది నిమిషాల పని. డబ్బు ఎంత అంటే చెయ్యి ఊపాడు, టీలు మాత్రం నాలుగు చెప్పించాడు, నా లెక్కలోనే.